తెరుచుకున్న ప్యారాచూట్ కింద ప్రాణాలు ఎందుకు పోతాయి?

స్కైడైవింగ్ చేస్తానని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ప్యారాచూట్ తెరుచుకోకపోతే?" అమ్మ అడిగింది, ఆఫీసులో అడిగారు, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న బాబాయి గారూ అడిగారు. ప్రశ్న మంచిదే, కాకపోతే బాగా పాతది. పరికరాలు తయారుచేసేవాళ్లు దానికి జవాబు వెతకడంలోనే ఒక తరం గడిపారు, చాలావరకు సాధించారు కూడా. ఇవాళ ఇక్కడ అమెరికాలో స్కైడైవర్ల ప్రాణాలు తీస్తున్న వాటిలో పెద్ద వాటా వేరే చోట ఉంది. ఏ లోపమూ లేకుండా నిండుగా తెరుచుకున్న ప్యారాచూట్ కింద, నేలకు వంద రెండు వందల అడుగుల ఎత్తులో.

ముందు లెక్క చూద్దాం. ఇక్కడి జంప్‌ల వివరాలు సేకరించే సంస్థ యునైటెడ్ స్టేట్స్ ప్యారాచూట్ అసోసియేషన్, అందరూ యూఎస్‌పీఏ అంటారు. దాని లెక్కల్లో 1970లలో ఏటా సగటున 40 మందికి పైగా చనిపోయేవారు. 2023లో సుమారు 36 లక్షల జంప్‌లు జరిగితే పది మంది చనిపోయారు. ఈ తేడా ధైర్యం వల్ల వచ్చింది కాదు. ఒక్కో చావు చూసి ఒక్కో పరికరం, ఒక్కో నియమం పుట్టుకొచ్చాయి. అవేమిటో, ఎక్కడితో వాటి శక్తి అయిపోతుందో తెలిస్తేనే మిగిలిన ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది.

స్కైడైవర్‌కి ఎత్తు అంటే టైమే. 13,500 అడుగుల దగ్గర విమానం వదిలాక మొదటి వెయ్యి అడుగులకు పది సెకన్లు పడుతుంది. ఆ తర్వాత గాలి అడ్డూ మన బరువూ సరిసమానమై వేగం గంటకు 190 కిలోమీటర్ల దగ్గర నిలబడిపోతుంది. పొట్ట నేలవైపు పెట్టి పడేవాళ్ల సంగతి ఇది; తలకిందులుగా పడితే వేగం ఇంకా చాలా ఎక్కువ. అక్కణ్నుంచి ప్రతి వెయ్యి అడుగులకూ ఐదున్నర సెకన్లు. అంటే ప్యారాచూట్ తెరిచేదాకా పడే ఫ్రీఫాల్ మొత్తం ఒక నిమిషం. అదే వేగంతో పడుతుంటే 3,000 అడుగుల నుంచి నేలకు 17 సెకన్లు, 1,800 అడుగుల నుంచి పది, 750 అడుగుల నుంచి నాలుగు చిల్లర. ఈ ఆటలోని నియమాలన్నీ ఈ సెకన్ల లెక్క నుంచే వచ్చాయి.

వీపున ఉండే సంచిని రిగ్ అంటాం. అందులో రెండు ప్యారాచూట్‌లు ఉంటాయి, కింది భాగంలో మెయిన్, పై భాగంలో రిజర్వ్. రెండూ గొడుగులా గుండ్రంగా ఉండవు. డొమినా జాల్‌బర్ట్ 1960లలో రూపొందించిన పద్ధతిలో, ముందు వైపు తెరిచి ఉన్న గదుల్లోకి గాలి చొరబడి గుడ్డ రెక్కగా బిగుసుకుంటుంది. అందుకే ప్యారాచూట్ అనే కంటే క్యానపీ అనడం మాకు అలవాటు. అది కిందికి దింపడమే కాదు, ముందుకు ఎగురుతుంది. గుండ్రటి ప్యారాచూట్‌కి లేని ఈ గుణమే మెత్తటి ల్యాండింగ్‌కీ కారణం, ఈ వ్యాసం శీర్షికకీ కారణం.

మెయిన్ తెరుచుకోవడం ఒక వరుస. రిగ్ అడుగున జేబులోంచి పైలట్ చూట్ అనే చిన్న గుడ్డను లాగి గాలిలోకి విసురుతాం. అది గాలి పట్టి, తన పట్టీతో రిగ్‌ను మూసి ఉంచిన పిన్నును లాగేస్తుంది. క్యానపీ ఉన్న బ్యాగు పైకి లేస్తుంది, రబ్బరు బ్యాండ్లలోంచి తాళ్లు ఒక్కో మడతగా ఊడొస్తాయి, చివరికి గుడ్డ బయటపడుతుంది. ఇక్కడ స్లైడర్ అనే చతురస్రపు గుడ్డ ముక్క చేసే పని చాలామందికి తెలియదు. తాళ్లు దాని మూలల్లోని రింగుల గుండా వెళ్తాయి. అది గాలికి ఎదురొడ్డి మెల్లగా కిందికి జారుతుంది కాబట్టి క్యానపీ మూడు నాలుగు సెకన్లు తీసుకుని విచ్చుకుంటుంది. అది లేకపోతే ఆ వేగంలో క్యానపీ ఒక్కసారిగా విచ్చుకుని మనిషి ఎముకలు విరిచేస్తుంది. ఇక క్యానపీని సర్దేటప్పుడు దాని ముందు అంచును, ఒక్కో గదినీ వరుసగా, చీర కుచ్చిళ్లు పెట్టినట్టే పెట్టాలి. మా డ్రాప్‌జోన్‌లో, అంటే మేం దూకే చోట, ఈ పని కుర్రాళ్ల కంటే అమ్మాయిలు త్వరగా నేర్చుకోవడం చూసి నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

ఈ వరుసలో ఎక్కడైనా తేడా రావచ్చు. వెయ్యి జంప్‌లకు ఒకసారి మెయిన్‌ను భుజాల దగ్గర విడిపించి వదిలేయాల్సి వస్తుందని స్కైడైవర్లు మామూలుగా చెప్పుకుంటారు. పైలట్ చూట్ వెనక ఊగుతుంటుంది కానీ పిన్ను రాదు, లేదా బ్యాగు బయటికొచ్చి విప్పుకోదు. ఇవి వేగంగా జరిగేవి, ఆలోచించడానికి టైముండదు. ఇంకోవైపు తాళ్లు మెలిపడటం, తాళ్లలో ముడి పడటం, ఒక తాడు క్యానపీ మీదుగా అడ్డం పడి దాన్ని రెండు ముక్కల్లా విడదీయడం ఉంటాయి. వీటిలో పడిపోయే వేగం తక్కువ, కానీ అదే వీటితో చిక్కు. "ఇంకొంచెం చూద్దాం, సర్దుకుంటుందేమో" అనిపిస్తుంది. అలా చూస్తుండగానే వెయ్యి అడుగులు కరిగిపోతాయి.

అందుకే విద్యార్థికి, కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లకి యూఎస్‌పీఏ ఒక గీత గీసి పెట్టింది. 2,500 అడుగులు వచ్చేసరికి నిర్ణయం అయిపోవాలి. అనుభవజ్ఞులకు ఆ గీత 1,800 అడుగులు. ఆ ఎత్తుకి క్యానపీ చతురస్రంగా, స్థిరంగా, మన మాట వినేలా ఉందా లేదా? లేకపోతే రిపేర్లు ఆపి మెయిన్‌ను వదిలేసి రిజర్వ్ తెరవాలి. వెయ్యి అడుగుల కంటే కిందైతే మెయిన్‌ను వదిలేయడమూ తప్పే, ఎందుకంటే రిజర్వ్ విచ్చుకునే ఎత్తు మిగలకపోవచ్చు. అప్పుడు ఉన్న గుడ్డ మీదే రిజర్వ్ గుడ్డ కూడా తెరిచి దిగాలి.

మెయిన్‌ను వదిలేయడమే ఒకప్పుడు పెద్ద గండం. క్యానపీ గిరగిరా తిరుగుతూ మనిషి బరువుకు మూడు నాలుగు రెట్ల బలంతో లాగుతుంటే, రెండు భుజాల దగ్గరా బిగిసిన పట్టీలను విడిపించాలి. పాత లోహపు బకిల్స్‌తో అది రెండు చేతుల పని, అందులోనూ అంచెలంచెల పని. 1970ల మధ్యలో బిల్ బూత్ తెచ్చిన త్రీ-రింగ్ దీన్ని మార్చేసింది. ఒకదానిలోంచి ఒకటి దూరే మూడు రింగులు, పెద్దది, మధ్యది, చిన్నది. ఒక్కో రింగు ఒక్కో మీటలా పనిచేసి బరువును తగ్గించుకుంటూ వస్తుంది. చివరి రింగును పట్టుకుని ఉన్న దారపు లూప్ మీద పడేది అసలు బలంలో చిన్న పాలు మాత్రమే. ఆ లూప్‌లో దూర్చిన మెత్తటి కేబుల్‌ను కుడి చేతి హ్యాండిల్‌తో లాగితే రెండు భుజాల రింగులూ ఒకేసారి దొర్లిపోతాయి. ఇందులో మోటారు లేదు, స్ప్రింగు లేదు, బ్యాటరీ లేదు. నన్నడిగితే ఈ ఆటలో ఇంత అందమైన యంత్రం మరొకటి లేదు.

తర్వాత ఎడమ చేతి హ్యాండిల్, అది రిజర్వ్‌ది. రిజర్వ్‌ను ఎవరు పడితే వాళ్లు ప్యాక్ చేయకూడదు. అమెరికాలో ప్రభుత్వ విమానయాన సంస్థ లైసెన్స్ ఇచ్చిన రిగ్గర్ మాత్రమే దాన్ని పూర్తిగా విప్పి, పరిశీలించి, మళ్లీ ప్యాక్ చేసి, ఎర్ర దారంతో సీసపు సీలు వేస్తాడు. 180 రోజులకొకసారి, దాన్ని ఒక్కసారి కూడా వాడకపోయినా సరే. దాని పైలట్ చూట్‌ను చేత్తో విసరక్కర్లేదు, లోపల స్ప్రింగు ఉంటుంది. సక్రమంగా ప్యాక్ చేసిన రిజర్వ్ తెరుచుకోకపోవడం చాలా అరుదు. రిజర్వ్ ఆదుకోలేకపోయిన సందర్భాల్లో ఎక్కువగా దాని తప్పుండదు, దాన్ని ఆలస్యంగా తెరిచి ఉంటారు.

మరి మనిషి స్పృహ తప్పితే? ఎత్తు మరిచిపోతే? దానికే ఏఏడీ, తనంతట తానే రిజర్వ్ తెరిచే పరికరం. జర్మనీలో హెల్ముట్ క్లోత్ తయారుచేసిన సైప్రెస్ 1991లో మార్కెట్‌లోకి వచ్చింది. గాలి పీడనాన్ని కొలుస్తూ ఎత్తును, వేగాన్ని లెక్కగడుతుంటుంది. మామూలు మోడల్‌లో సుమారు 750 అడుగుల ఎత్తులో, సెకనుకు 35 మీటర్ల కంటే వేగంగా పడుతున్నారని తేలితే, రిజర్వ్‌ను మూసి ఉంచిన దారాన్ని ఒక చిన్న కత్తితో తెంపేస్తుంది. అంతే, దాని పని అయిపోయింది.

అయితే అది చేయని పనులే ముఖ్యం. మెయిన్‌ను అది వదిలించదు. సగం విచ్చుకుని తిరుగుతున్న క్యానపీ కింద మీ వేగం ఆ పరిమితికి తక్కువగా ఉంటే అది ఊరుకుంటుంది, కానీ నేల ఊరుకోదు. ఇంకో చిక్కు, మెయిన్‌ను బాగా ఆలస్యంగా తెరిచేవాళ్లకి: మెయిన్ విచ్చుకుంటూ ఉండగానే ఏఏడీ రిజర్వ్‌ను కూడా తెరిచేస్తుంది. తల మీద రెండు క్యానపీలు. పక్కపక్కనో ఒకదాని వెనక ఒకటో ఎగిరితే పర్వాలేదు. రెండూ చెరోవైపు తిరిగి నేలవైపు దూసుకెళ్తే మాత్రం మెయిన్‌ను వెంటనే వదిలేయాలి. కొత్త తరం క్యానపీలు మెల్లగా విచ్చుకుంటాయి కాబట్టి ఈ బెడద పెరిగింది. 2013లో యూఎస్‌పీఏ అనుభవజ్ఞులకు కూడా మెయిన్ తెరవాల్సిన కనీస ఎత్తును 2,000 నుంచి 2,500 అడుగులకు పెంచింది. అప్పట్లో పాతకాపులు చాలామంది గొణిగారు. ఆ 500 అడుగులు అంటే మూడు సెకన్లు. గొణగడానికే అంతకంటే ఎక్కువ టైం పట్టింది.

ఆర్ఎస్ఎల్ అనే చిన్న పట్టీ గురించి కూడా వాదనలున్నాయి. మెయిన్ భుజం పట్టీకి దీన్ని తగిలిస్తారు. మెయిన్ విడిపోగానే రిజర్వ్ పిన్నును అదే లాగేస్తుంది. తిరుగుడులో ఉండగా రిజర్వ్ వెంటనే తెరుచుకుంటే తాళ్లు మెలిపడొచ్చు అనేది దాన్ని తీసేసేవాళ్ల వాదన. అందులో కొంత నిజముంది. కానీ విడిపోతున్న మెయిన్‌నే పెద్ద పైలట్ చూట్‌గా వాడుకుని రిజర్వ్‌ను ఇంకా త్వరగా బయటికి లాగే స్కైహుక్ లాంటి పద్ధతులు వచ్చాక ఆ వాదన బలం తగ్గింది. "నా చేతుల మీద నాకు నమ్మకముంది" అని దాన్ని తీసేసేవాళ్లలో నాకు అనుభవం కంటే దర్పమే ఎక్కువ కనిపిస్తుంది.

ఇన్ని పొరలున్నా మనిషి ఎందుకు చనిపోతున్నాడు? బిల్ బూత్ పేరు మీదే మాలో ఒక సూత్రం చెప్పుకుంటారు. పరికరాలు ఎంత భద్రంగా తయారైతే, స్కైడైవర్లు అంతకంత రిస్క్ తీసుకుని చావుల రేటును ఉన్నచోటే ఉంచుతారట. అది పూర్తిగా నిజం కాలేదు, చావులు బాగా తగ్గాయి. కానీ సగం నిజమైంది. మిగిలిన చావులు చోటు మార్చాయి. పరికరం కాపాడలేని చోటికి, అంటే బాగా ఎగురుతున్న క్యానపీ కిందికి, వచ్చి చేరాయి.

కారణం క్యానపీ సైజు, దాన్ని తిప్పే తీరు. బరువును పౌండ్లలో, క్యానపీ వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో తీసుకుని భాగిస్తే వచ్చేది వింగ్ లోడింగ్. రిగ్‌తో కలిపి 90 కిలోలు, అంటే 198 పౌండ్లు ఉన్న మనిషి 230 చదరపు అడుగుల క్యానపీ కింద ఉంటే 0.86. విద్యార్థికి ఇది సరిపోతుంది. అదే మనిషి 170కి దిగితే 1.16, 120కి దిగితే 1.65. అంకె పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, చిన్న కదలికకే పెద్ద స్పందన వస్తుంది, పొరపాటును సరిదిద్దుకునే టైం తగ్గుతుంది. చిన్న క్యానపీ సరదాగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. అందుకే అందరూ తొందరపడతారు.

ఇప్పుడు మలుపు సంగతి. రెండు చేతుల్లో క్యానపీని నడిపే పిడులు, అంటే టోగుల్స్, ఉంటాయి. కుడిది లాగితే రెక్క కుడివైపు వాలుతుంది, మనిషి బయటికి ఊగుతాడు, క్యానపీ ముక్కు దించి డైవ్ కొడుతుంది. ఎత్తులో ఉంటే కాసేపటికి అదే సర్దుకుని మళ్లీ నెత్తి మీదికి వస్తుంది. కానీ సర్దుకోవడానికి ఎత్తు కావాలి; చిన్న క్యానపీ మీద ఒక గట్టి మలుపు వందల అడుగులు మింగేయగలదు. అంత ఎత్తు లేకపోతే క్యానపీ తలపైకి వచ్చేలోపే మనిషి నేలకు కొట్టుకుంటాడు. పరికరంలో ఏ లోపమూ ఉండదు. ఏఏడీకి పని పడదు, రిజర్వ్ సీలు చెక్కుచెదరదు.

ఇలాంటి మలుపు తిప్పేవాళ్లు రెండు రకాలు. వేగంగా నేలకు దగ్గరగా దూసుకెళ్లే స్వూపింగ్ కోసం కావాలనే తిప్పేవాళ్లు ఒక రకం. వందలసార్లు సాధన చేసినా ఒక్కసారి యాభై అడుగుల లెక్క తప్పితే చాలు. రెండో రకమే నన్ను ఎక్కువ భయపెడుతుంది: కంగారుతో తిప్పేవాళ్లు. 80 అడుగుల ఎత్తులో ఎదురుగా కంచె కనిపిస్తుంది, లేదా గాలికి ఎదురుగా కాక గాలి వాలున దిగుతున్నానని అప్పుడే తెలుస్తుంది. చేయి దానంతటదే ఒక టోగుల్‌ను కిందికి లాగేస్తుంది. గాలి వాలున తిన్నగా దిగితే కాస్త దొర్లుతాం, మహా అయితే కాలు బెణుకుతుంది, విరిగినా అతుక్కుంటుంది. తప్పించుకోవాలంటే నిదానపు మలుపు ఉంది. రెండు టోగుల్స్‌నూ సగం దాకా దించి, తిరగాల్సిన వైపుకి ఎదుటి దాన్ని కొద్దిగా పైకి వదలాలి. క్యానపీ వాలకుండా, ఎత్తు పెద్దగా పోకుండా తిరుగుతుంది. ఇది పైన 3,000 అడుగుల్లో పదే పదే చేసి ఉంటేనే 80 అడుగుల్లో చేతికి గుర్తొస్తుంది. కానీ ఆ ఎత్తులో అందరం క్యానపీని తిప్పి ఆడుకుంటాం, నిదానపు మలుపు ఎవరికీ గుర్తుండదు.

శిక్షణలో ఈ అసమానత నాకు మొదటినుంచీ కనిపిస్తోంది. ఏఎఫ్ఎఫ్ అనే పద్ధతిలో మొదటి జంప్‌కే విద్యార్థి తన సొంత రిగ్‌తో దూకుతాడు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరోవైపు పట్టుకుని ఉంటారు. దానికి ముందు దాదాపు ఒక రోజంతా తరగతి. వేలాడే హార్నెస్‌లో కట్టేసి, పైన పాడైన క్యానపీ ఫొటో చూపించి, "ఏం చేస్తావ్?" అని అరుస్తారు. మెయిన్‌ను వదిలే ఎర్ర హ్యాండిల్ చూడు, పట్టుకో, రిజర్వ్ తెరిచే వెండి రంగు హ్యాండిల్ చూడు, పట్టుకో, లాగు. నిద్రలో లేపినా చేసేంతవరకు వదలరు. ఇంత గట్టిగా నేర్పే ఈ పని సగటున వెయ్యి జంప్‌లకు ఒకసారి అవసరపడుతుంది. ల్యాండింగ్ మాత్రం ప్రతి జంప్‌కీ ఉంటుంది, దానికి చెవిలో రేడియో, కొన్ని సూచనలు. తేడా గమనించే యూఎస్‌పీఏ 2012 నుంచి రెండో మెట్టు అయిన 'బీ' లైసెన్స్‌కి క్యానపీ నడపడంలో ప్రత్యేక శిక్షణను తప్పనిసరి చేసింది. లైసెన్సులు నాలుగు మెట్లు: 'ఏ'కి 25 జంప్‌లు, 'బీ'కి 50, 'సీ'కి 200, 'డీ'కి 500.

ల్యాండింగ్‌కి ఒక దారి ఉంటుంది, ప్యాటర్న్ అంటాం. సుమారు 1,000 అడుగుల దగ్గర గాలి వాలున మొదలుపెట్టి, 600 దగ్గర ఒక మలుపు, 300 దగ్గర గాలికి ఎదురుగా చివరి మలుపు. 300 కింద మలుపులు లేవు. నేలకు పది పన్నెండు అడుగులుండగా రెండు టోగుల్స్‌నూ సమానంగా దించితే, ముందుకెళ్లే వేగం పైకి లేపే బలంగా మారి కాళ్లు మెత్తగా ఆనుతాయి. అందరూ ఒకే దారిలో దిగితే క్యానపీలు ఒకదానికొకటి గుద్దుకునే ప్రమాదమూ తగ్గుతుంది.

గాలి విషయంలో విద్యార్థులకు గంటకు 14 మైళ్లు పరిమితి. అనుభవజ్ఞులకు పరిమితి లేదు, నిర్ణయం మనదే. ఆ స్వేచ్ఛ అంత మంచిదేమీ కాదు. హ్యాంగర్ వెనక, చెట్ల వరుస వెనక గాలి సుడులు తిరుగుతుంది. టెక్సస్, అరిజోనా మధ్యాహ్నాల్లో నేల నుంచి లేచే వేడిగాలి క్యానపీ అంచును కుదిపేస్తుంది. అలాంటి రోజు దూకకుండానే ఇంటికెళ్లే సీనియర్లను చూసి కొత్తవాళ్లు నవ్వుకుంటారు.

విమానం గురించి ఒక్క మాట. 2019 జూన్‌లో హవాయిలో జంప్ విమానం పైకి లేస్తూనే కూలి, అందులోని 11 మందీ చనిపోయారు. ప్యారాచూట్ వీపునున్నా పనికిరాని ఎత్తు అది. టేకాఫ్ వేళ సీటు బెల్టు పెట్టుకోమంటే విసుక్కునేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఇక ట్యాండెమ్, అంటే ఇన్‌స్ట్రక్టర్‌తో కలిపి కట్టి దూకించడం. శనివారాల్లో ఇక్కడి డ్రాప్‌జోన్‌లలో తెలుగు బాగానే వినిపిస్తుంది; కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాళ్లు, పుట్టినరోజు జంటలు. ఇండియాలో హర్యానాలోని నార్నౌల్‌లో కూడా చేయిస్తున్నారు. ఇన్‌స్ట్రక్టర్‌కి నాలుగు చోట్ల మిమ్మల్ని తగిలిస్తారు, ఇద్దరి బరువుకు వేగం మితిమీరకుండా డ్రోగ్ అనే చిన్న చూట్ వెనక లాగుతుంటుంది. అమెరికా చట్టం ప్రకారం ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి కనీసం మూడేళ్ల అనుభవం, 500 జంప్‌లు ఉండాలి. అతని రేటింగ్ కార్డు, రిజర్వ్ ప్యాకింగ్ తేదీ చూపించమని అడగడానికి మొహమాటపడకండి. మంచివాళ్లు సంతోషంగా చూపిస్తారు. మీరు చేయాల్సిందల్లా దిగేటప్పుడు కాళ్లు పైకెత్తి ఉంచడం. చేతికి మీ సొంత గోప్రో కట్టనివ్వకపోతే గొడవ పెట్టుకోకండి. సొంతంగా దూకేవాళ్లకే 200 జంప్‌లు నిండేదాకా కెమెరా వద్దని యూఎస్‌పీఏ సలహా.

ట్యాండెమ్‌తో ఆగకుండా లైసెన్స్ దాకా వెళ్లి, మొదటి రిగ్ కొనాలనుకునేవాళ్లు పాతదే కొనండి, కానీ మీ నమ్మకమున్న రిగ్గర్ చేత విప్పించి చూపించాకే డబ్బివ్వండి. తాళ్లు సాగి పొట్టిపొడుగులయ్యాయా, త్రీ-రింగ్ పట్టీలు బిగుసుకుపోయాయా, ఏఏడీ గడువు ఎంత మిగిలింది, ఇవన్నీ ఆయన చెబుతాడు. అందరూ మెయిన్ సైజు గురించే బేరాలాడతారు; రిజర్వ్ సైజు కూడా అడగండి. స్పృహ లేకుండా, టోగుల్స్ ముట్టుకోకుండా దిగాల్సి వస్తే మిమ్మల్ని దింపేది అదే. సన్నటి రిగ్‌లో ముచ్చటగా పట్టే చిన్న రిజర్వ్ చవగ్గా దొరికితే, అది ఎందుకు చవకో అమ్మేవాళ్లను అడిగి చూడండి.